అయ్యగారు చదవని మాటలు

ముమ్మిడివరం,
14-6-1998

ప్రియమైన భర్తగారికి,

మీ భార్య మాణిక్యం రాయించునది. నేను, బేబి దేవుని దయవలన క్షేమం. మన ఉత్తరాలు చదివిపెట్టి, రాసిపెట్టే రామ్మూర్తి మాస్టారికి రాజోలు బదిలీ అయింది. అందువల్ల ఈ ఉత్తరం జీవరత్నం గారు రాస్తున్నారు. ఇకపై మీ ఉత్తరాలు కూడా ఆయనే చదివి వినిపిస్తారు.

ఆయన సువార్త చెప్పే అయ్యగారు. మన కాలవగట్టు మీద పాక వేసుకుని ఎనిమిది నెలలైంది. పొద్దున్నే సైకిలు మీద పేటలన్నీ తిరుగుతారు. జబ్బుపడినవారిని చూస్తారు. పింఛను కాగితాలు నింపిపెడతారు. వినేవారికి వాక్యం చెబుతారు. విననివారికి కూడా కాగితాలు నింపిపెడతారు. పోయిన నెల బేబికి జ్వరం వచ్చి కళ్ళు తేలేస్తే మమ్మల్ని వెనక కూర్చోబెట్టుకుని అమలాపురం ఆసుపత్రి దాకా తొక్కింది ఆయనే.

ఆయన భార్య శాంతమ్మ గారు మధ్యాహ్నాలు ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పుతారు. నేనూ వెళ్తున్నాను. మంగళవారం ప్రార్థనలో కూడా కూర్చుంటున్నాను. మీ దగ్గర దాచకూడదని రాయిస్తున్నాను.

సదా మీ క్షేమం కోరే,
మాణిక్యం


కువైటు,
9-8-1998

ప్రియమైన మాణిక్యానికి,

నీ ఉత్తరం అందింది. పాపకు నయమైనందుకు సంతోషం. అయ్యగారికి నా నమస్కారాలు చెప్పు. ఆ మేలు మరిచిపోను. ఇక్కడ ఎండకు ఇనుప ఊచ పట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కుతోంది. అక్షరాలు నేర్చుకో, వద్దనను.

మన పోలయ్య సెలవు నుంచి తిరిగొచ్చాడు. నువ్వు బొట్టు తీసేసి మతంలో కలిసిపోయావని ఊళ్ళో అనుకుంటున్నారట. గదిలో పదిమంది ముందు చెప్పాడు. "ఏరా వీరబాబూ, ఈసారి ఇంటికెళ్తే నీకూ కొత్త పేరెడతారంట గదా" అని ఒకడు నవ్వాడు. అన్నం సగంలో వదిలేసి లేచాను.

మా అమ్మ సంవత్సరీకం మాఘమాసంలో వస్తుంది. నువ్వు మతంలో కలిస్తే నీ చేతి వంట మావాళ్ళు తినరు. బొట్టు తీసేశావా, లేదా? మిగతాది తరవాత. అదొక్కటి రాయించు.

నీ వీరబాబు


ముమ్మిడివరం,
20-9-1998

ప్రియమైన భర్తగారికి,

మీ ఉత్తరం జీవరత్నం గారు చదివి వినిపించారు. అక్షరాలు నేర్చుకోమని మీరు రాసినందుకు ఎంతో సంతోషించాను. ఎండలో చేతులకు గుడ్డ చుట్టుకోండి. పోలయ్య గారు క్షేమంగా చేరారని విని ఆనందించాము.

ఇక్కడ వానలు ఎక్కువగా ఉన్నాయి. అయ్యగారి పాక ఒక పక్క కూలితే పేటలో ఆడవాళ్ళమంతా తాటాకు మోశాము. ఆయన తడిసిన పుస్తకాలను పొయ్యి దగ్గర పరిచి ఆరబెట్టుకున్నారు. బేబి రెండో తరగతిలో బాగా చదువుతున్నది.

మీరు దిగులు పడవలదు. సమస్తము మేలుకే జరుగును.

మాణిక్యం


కువైటు,
15-11-1998

ప్రియమైన మాణిక్యానికి,

నేను అడిగింది ఒకటి, నువ్వు రాయించింది ఇంకొకటి. తాటాకు సంగతి నాకెందుకు? సమస్తము మేలుకే జరుగును అని నువ్వు పుట్టాక ఎప్పుడన్నా అన్నావా? అవి నీ మాటలు కావు.

మాట్లాడదామంటే మా క్యాంపు ఎడారిలో ఉంది. ఫోనుకు పట్నం వెళ్ళాలి, సెలవివ్వరు. పనిలో ఊచ వంచుతూ ఇదే ఆలోచిస్తున్నాను. మొన్న కొలత తప్పి మేస్త్రీతో తిట్లు తిన్నాను.

ఇది అయ్యగారు చదువుతారని తెలిసే రాస్తున్నాను. అయ్యగారూ, మీరు పెద్దవారు. ఉన్నది ఉన్నట్టు చదవండి. మాణిక్యం, దీనికి కూడా జవాబు రాకపోతే అన్నయ్యకు రాస్తాను. ఆయన వచ్చి పాపను అంబాజీపేట తీసుకెళ్తాడు. నేను వచ్చేదాకా అక్కడే ఉంటుంది.

వీరబాబు


ముమ్మిడివరం,
6-12-1998

ప్రియమైన భర్తగారికి,

మీ ఉత్తరం చేరినది. మేము క్షేమము. మీ మనస్సునకు నెమ్మది కలుగవలెనని ప్రార్థిస్తున్నాము. బేబి మిమ్మల్ని తలుచుకుంటున్నది. కోతలు అయిపోయినవి. వేరే విశేషములు లేవు.

మాణిక్యం


ముమ్మిడివరం,
28-2-1999

ప్రియమైన బేబి నాన్నగారికి,

ఇది నేను రాస్తున్నాను. నా చెయ్యే. మూడు రోజులు పట్టింది. తప్పులుంటాయి.

సంక్రాంతి వెళ్ళిన వారానికి అప్పలరాజు బావగారు వచ్చేరు. "మా తమ్ముడు రాసేడు, పిల్లని పంపు" అన్నారు. "నాకేం రాయలేదండీ" అన్నాను. "రెండుసార్లు రాసేడంట. వినబడనట్టున్నావంట" అన్నారు. బేబి అంచు పట్టుకుని ఏడిస్తే నా చీర చిరిగింది. తీసుకెళ్ళిపోయేరు.

అప్పుడు మీ ఉత్తరాలు తీసేను. అచ్చు అక్షరాలయితే కూడబలుక్కుంటాను గానీ చేతిరాత నాకు రాదు. వేలు పెట్టి చూసుకుంటూ పోతే మొదట దొరికిన మాట బొట్టు. మీ ఉత్తరంలో ఆ మాట ఉందని నాకెవరూ చెప్పలేదు. రెండు రోజులు కూచుని రెండూ చదివేను.

అయ్యగారు ఇంటిముందు సైకిలు ట్యూబుకి అతుకేస్తున్నారు. "అయ్యగారండీ, ఇక్కడ బొట్టు అనుందండీ" అన్నాను. ఆయన ట్యూబు కింద పెట్టేరు. "ఆయ్, ఉందమ్మా" అన్నారు.

"మరి చదవలేదేమండీ?"

"చదివితే నువ్వు రావడం మానేస్తావనుకున్నానమ్మా. ఈ వారం చెబుదాం, పై వారం చెబుదాం అనుకుంటూ వచ్చేను."

"మానేదాన్నో లేదో నన్ను అడగలేదు గదండీ" అన్నాను.

శాంతమ్మ గారికి ఈ సంగతి తెలీదు. గుమ్మంలోంచి విన్నారు. "ఈ పేటలో ఇంకెన్ని ఇళ్ళ ఉత్తరాలు ఇలా చదివేరండీ?" అని అడిగేరు. ఆయన "ఇదొక్కటే" అన్నారు. ఆవిడ నమ్మినట్టు కనబడలేదు. మీ అన్నయ్యగారితో తను మాట్లాడతానని అయ్యగారు సైకిలు తీసేరు. "మీరు రావద్దండి" అని చెప్పేసి వచ్చేను. ఆదివారం ఆయన అందరి ముందూ ఇది చెప్పుకున్నారంట. నేను వెళ్ళలేదు.

ఒక్కదాన్నే బస్సెక్కి అంబాజీపేట వెళ్ళేను. బావగారు లారీకి కొబ్బరికాయలెక్కిస్తున్నారు. ఆవేళ చూడలేదు గానీ ఈసారి నా మొహం చూసేరు. "బొట్టుందే" అన్నారు. "ఎప్పుడు తీసేనండీ" అన్నాను. "మరి వాడికి రాయించొచ్చుగా" అంటే జరిగింది చెప్పి, నేనే చదువుకున్నానన్నాను. నవ్వేరు. "నువ్వా? ఏదీ, ఇది చదువు చూద్దాం" అని మీరు ఆయనకు రాసిన ఉత్తరం జేబులోంచి తీసేరు. హమాలీలందరూ చుట్టూ చేరేరు.

చదివేను. ముందు వెళ్ళి చూడు అన్నయ్యా, బొట్టు ఉంటే పిల్లని కదపకు, మాణిక్యాన్ని ఒక్క మాట కూడా అనకు అని రాసేరు మీరు. బావగారు మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివేను. ఆయనకూ చదువు రాదు గదా. కొట్టులో గుమస్తా లారీ తొందరలో, మాణిక్యం మతంలో కలిసిందంట, పిల్లని తెచ్చుకో అన్న మొదటి నాలుగు ముక్కలు చదివి ఇచ్చేసేడంట. ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, పిల్లని తీసుకెళ్ళమన్నారు. సాయంత్రం బస్సుకి బేబిని తెచ్చుకున్నాను. ఒళ్ళు తగ్గింది. రెండు రోజులు నన్ను వదిలి బడికి వెళ్ళలేదు.

మీరడిగినదానికి జవాబు. బొట్టు తీయలేదు. బాప్తిస్మం తీసుకోలేదు. అత్తగారి సంవత్సరీకం బావగారింట్లో చేసేరు. వంట నేనే చేసేను. ముగ్గురు తినలేదు, మిగతావాళ్ళు తిన్నారు.

మొన్న మంగళవారం మళ్ళీ ప్రార్థనకి వెళ్ళేను. అయ్యగారి మీద కోపం పోయి కాదు. అక్కడ కూచుంటే నాకు భయం తగ్గుతుంది. అది ఆయన నేర్పింది కాదు. ఎందుకో నాకూ తెలీదు, తెలిస్తే రాస్తాను. బాప్తిస్మం తీసుకోవాలనిపిస్తే ముందు మీకు రాస్తాను. మీకిష్టం లేకపోతే వద్దనే రాయండి. ఆ వద్దు కూడా నేనే చదువుకుంటాను.

మీ మాణిక్యం