వంకర చాలు

అల్లుడుగారూ,

ముందు తప్పు ఒప్పుకుంటాను. మీరు మా టీవీకి తగిలించి వదిలేసిన వ్యవసాయం గేమ్‌లో, కోతకొచ్చిన మీ గోధుమ పొలాన్ని దున్నేసింది నేనే. పైరు చాలు ఒకటి వంకరగా కనిపించింది. ముప్ఫై ఏళ్లు లేత్ మిషన్ మీద వెంట్రుకవాసి తేడా కూడా ఒప్పుకోనివాణ్ణి, చూస్తూ ఊరుకోలేకపోయాను. సరిచేద్దామని ట్రాక్టరు తోలితే పంటంతా పోయింది.

"పిల్లల తండ్రి అయ్యుండి, మీకీ బొమ్మ ట్రాక్టర్లేంటండీ?" అని మిమ్మల్ని ఎన్నిసార్లు వెక్కిరించానో! ఇప్పుడు అన్నానికి పిలిస్తే, "ఉండవే, ఈ మడి తడిపి వస్తా" అంటున్నాను. మీ అత్తగారు పడీపడీ నవ్వుతోంది.

పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక, డాక్టరు పిసకమని ఇచ్చిన రబ్బరు బంతిని మంచం కిందకి విసిరేశాను. ఎంత పిసికినా అది బంతే కదా! ఇక్కడ నీళ్లు పెడితే మొలక వస్తుంది. నేను చేసిన పనికి ఫలితం కళ్లబడి ఎన్నాళ్లయిందో. అందుకే, మొరాయించే బొటనవేలిని బతిమాలి మరీ గేమ్ రిమోట్ మీటల మీద కదిలించాను.

"ఆ గేమ్ మర్చిపోయి వదిలేశాను మామయ్యా" అన్నారు ఫోన్‌లో. గొడుగు కూడా ఎక్కడా మర్చిపోని మనిషి మీరు. నాకు తెలియదా?

గోధుమలు మళ్లీ చల్లాను. ఈ ఉత్తరంలోనూ వరసలు వంకర పోయాయి. చింపి మళ్లీ రాద్దామనుకున్నాను గాని, మీ పొలం గుర్తొచ్చి ఆగాను.

ఇది కుడిచేత్తోనే రాశాను.

మీ మామయ్య