వాల్‌నట్ మోడు

లియోటాకు,

మంగళవారం ఉదయం నాన్న నాటిన నల్ల వాల్‌నట్‌ను కొట్టేశారు. మాను రెండుగా చీలే చోటి పంగ చెక్క మొత్తం అన్నకే పోయింది. నేను కులాసా, ఎవరితోనూ గొడవ పడలేదు.

మిల్లులో పంగను నిలువునా కోయగానే లోపల పక్షి ఈక పరిచినట్టు చార కనబడింది. కోసేవాడు రంపం ఆపి టోపీ తీశాడు. నాకు కడుపు మండింది. హోబర్ట్ అన్న నా భుజం తట్టి, "దీంతో మీ వదినకు మంచం తలాపు చేయిస్తా. తుపాకి మడమలు చెక్కుకునేవాడివి, నీకు కొమ్మలు చాల్లేరా!" అన్నాడు. కొమ్మ చెక్క ఆరేకొద్దీ మెలితిరుగుతుందని తనకూ తెలుసు.

ఆ వేళ్ల విషానికి దాపున ఈ వేసవిలోనూ టమాటా మొక్క బతకలేదని వదిన మోడును తగలబెట్టమంటోంది. "కాల్చడమెందుకు వదినా, నేనే పెకలించి పట్టుకుపోతా" అన్నాను. "పిచ్చి సన్నాసి, పొయ్యిలోకైనా పనికిరాని దానికి చెమటోడుస్తాడట!" అని అన్న నవ్వాడు. అన్నకు తెలియని సంగతి నీకు చెబుతున్నా. మోడు మొదట్లో బెరడంతా ముడతలు పడింది. అలా ఉన్నచోట లోపలి చెక్క అలలు తీరి ఉంటుంది. మడమకు అంతకంటే గట్టిది దొరకదు. అది పంగకంటే అందంగా ఉండాలని నా కోరిక.

నా వేరుగొడ్డలి, పొడుగు పార మీ తమ్ముడితో శుక్రవారం రైల్లో పంపు. గొడ్డలికి పదును పెట్టించు. ఆవు ఈనిందా? వాల్‌నట్ కాయల తొక్కలు ఒలిచేటప్పుడు పిల్లల చేతులకు పాత మేజోళ్లు తొడుగు, ఆ మరక ఓ పట్టాన పోదు. వాళ్లకు ముద్దులు. మీ అమ్మను అడిగానని చెప్పు.

శనివారం తెల్లవారగానే తవ్వకం. మోడును లాగడానికి అన్న తన కంచరగాడిదల జతనే తోలుకొస్తానన్నాడు.

నీ ఎమెట్