నీ దగ్గు గురించి మంత్రి అడిగాడు

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే తలకాయ కూర వండి నీ ఫొటో ముందు పెట్టాను. తర్వాత మన కొత్త దవాఖాన తెరవడానికి ఆరోగ్య మంత్రి వస్తున్నాడంటే చూడ్డానికి వెళ్లాను.

మంత్రంటే ఎవరో కాదు, నిన్ను అన్నా అని, నన్ను వదినా అని పిలిచి మనింట్లో అన్నం తిన్న యూనియన్ లీడరే. గనిలోకి దిగని మనిషి మాట కార్మికులు వినరని, మొదటి గేట్ మీటింగులో నీ గని టోపీ తీసి అతని నెత్తిన పెట్టింది నువ్వే. ఆ టోపీ మళ్లీ మనింటికి రాలేదు. ఎమ్మెల్యే అయినప్పుడూ, మంత్రి అయినప్పుడూ ఫ్లెక్సీల మీద ఆ టోపీతో దిగిన ఫొటోనే. నీకు ఊపిరాడక సాయం కోసం వెళితే మాత్రం సారు బిజీ అని గేటు దగ్గరే ఆపేశారు. ఊపిరితిత్తుల డాక్టరే లేని పాత దవాఖానలో పోయావు.

ఇవాళ రిబ్బను కత్తిరించి వస్తూ నన్ను గుర్తుపట్టాడు. చేతిలో మైకు అలాగే ఉంది.

"వదినా, మంచిగున్నవా? అన్న దగ్గు ఎట్లున్నది?"

నువ్వు లేవన్న సంగతే అతనికి తెలియదు.

"తగ్గింది సారూ" అన్నాను.

వెంటనే జనం వైపు తిరిగాడు. "విన్నరా? మన సర్కారు మందులతోనే మా అన్న దగ్గు తగ్గింది."

అందరూ చప్పట్లు కొట్టారు. నీ పాడె మోసిన మన వాడవాళ్లు ముందు వరుసలోనే కూర్చున్నారు. వాళ్లూ కొట్టారు, బావా.