మూడు పసుపు గడులు

2 జూలై 2017, ఆదివారం

రాజాంలో సూపర్‌మార్కెట్ పెట్టి నాలుగు నెలలైంది. ఊరికి ఏసీ వచ్చింది గానీ బుద్ధి రాలేదు.

గుమ్మం పక్కన నీడలో మూడు పసుపు గడులు గీశారు. మామూలు గడుల కంటే వెడల్పు. ఫ్యామిలీ పార్కింగ్, చంటిపిల్లలతో వచ్చేవారికి మాత్రమే అని బోర్డు. చదువు రానివాళ్ళ కోసం తల్లీబిడ్డల బొమ్మ కూడా వేశారు.

ఈ రోజు ఒక గడి నిండా బైకులు, మిగతా రెండు గడులనీ ఒకే బండి మింగేసింది. తెల్ల ఇన్నోవా, అడ్డంగా. ధాన్యం వ్యాపారి అప్పలసూరిది. ఆయన లోపలే కూర్చుని పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. అద్దం తట్టి, ఇది చిన్నపిల్లల వాళ్ళకండీ అన్నాను. నన్ను చూశాడు, మా ఆల్టో వెనక సీట్లో ఉన్న బాబీని చూశాడు, వాడి కట్టునీ చూశాడు. ఫ్యామిలీ పార్కింగే కదమ్మా, నాకూ ఫ్యామిలీ ఉన్నాది, ఇంటికాడ ఉన్నాది అన్నాడు. మళ్ళీ పుల్ల నోట్లో పెట్టుకున్నాడు.

బాబీకి ఏడాదిన్నర. పుట్టుకతోనే తుంటి కీలు గూడు తప్పింది. జూన్‌లో శ్రీకాకుళం డాక్టరు నడుం నుంచి రెండు పాదాల దాకా సిమెంటు కట్టు వేశాడు. కాళ్ళు రెండూ కప్పలా ఎడంగా ఉంటాయి. కారు తలుపు బార్లా తెరుచుకుంటే తప్ప వాణ్ణి బయటికి తీయలేను. రోడ్డు పక్కన ఆపితే సగమే తెరుచుకుంటుంది. ఇంట్లో వదిలి రావడానికి ఎవరూ లేరు. యుగంధర్‌కి విశాఖలో ఉద్యోగం, రెండు వారాలకోసారి వస్తాడు. కాలేజీకి వెళ్ళినంతసేపూ ఆయా చూసుకుంటుంది, ఆదివారం ఆవిడకీ సెలవే.

సెప్టెంబరు 25న ఎక్స్‌రే. కీలు గూట్లో కుదురుకుంటే కట్టు తీసేస్తారు. కుదరకపోతే ఆపరేషన్. ఈలోగా కట్టుకి దెబ్బ తగలకూడదు. నేను అడిగేది ఒక్క తలుపు తెరుచుకునేంత చోటు.

9 జూలై, ఆదివారం

ఈ వారం ఇన్నోవా వదిలిన ఒక్క గడిలో నీలవేణి గారు. హెడ్మాస్టరు గారి భార్య. తనకంటే పొడుగున్న తొమ్మిదో తరగతి కూతురిని పక్కన నిలబెట్టి, తల్లికి పిల్ల ఎప్పుడూ సంటిదే కదమ్మా అంది. ఆ అమ్మాయికి సిగ్గుంది, తల దించుకుంది. తల్లికి లేదు.

పొద్దున్నే అరసవల్లి వెళ్ళి సూర్యుడికి దణ్ణం పెట్టుకొచ్చిందట. నుదుటి మీద కుంకుమ ఇంకా ఆరలేదు. అంత దూరం పోయి దణ్ణం పెట్టిన దేవుడి ఎండలో పది గజాలు నడవమంటే మాత్రం ఒళ్ళు వంగదు.

16 జూలై

మూడు గడులూ నిండాయి. పిల్ల అనే ప్రాణి ఒక్కటీ కనబడలేదు.

23 జూలై, ఆదివారం

కట్టు పగిలింది.

గడుల్లో చోటు లేక రోడ్డు మీద లారీ పక్కన ఆపాను. తలుపు జానెడు తెరుచుకుంది. వాణ్ణి ఏటవాలుగా తిప్పి లాగుతుంటే ఎడమ పాదం దగ్గర కట్టు తలుపు అంచుకి ఠక్కున తగిలింది. బాబీ ఏడవలేదు. నా మొహం చూశాడంతే. ఏడిస్తే బాగుండేది.

వాచ్‌మన్ కూర్మయ్య కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. మెళ్ళో విజిల్ ఉంది. అప్పలసూరి బండి ఎందుకు తీయించవు అని అడిగాను. మాకు బావ వరస అవుతాడమ్మా, ఎలాగ సెప్తాను అన్నాడు. ఈ ఊళ్ళో అందరూ అందరికీ బావలే. ఇంక విజిల్ ఎందుకు మెళ్ళో?

24 జూలై

డాక్టరు పగులు మీద ఇంకో చుట్టు వేశాడు. మళ్ళీ ఇలా అయితే మొత్తం విప్పి మొదటి నుంచీ మొదలుపెట్టాలి, జాగ్రత్తగా ఉండలేరా అన్నాడు. ఉండలేనని చెప్పాలనిపించింది. సరేనన్నాను.

30 జూలై, ఆదివారం

మేనేజరు మోహనకృష్ణ దగ్గరికి వెళ్ళాను. టై కట్టాడు, ఎంబీఏ చదివాడు. కస్టమర్ దేవుడు మేడమ్ అన్నాడు. నేనూ కస్టమర్నే కదా అంటే, మీరూ దేవతే మేడమ్ అన్నాడు. ఇన్నోవా దేవుడు నెలకి ఎంత కొంటాడో, ఆల్టో దేవత ఎంత కొంటుందో అతనికి తెలుసు. బోర్డు ఇంకాస్త పెద్దది చేయిస్తానన్నాడు. వీళ్ళకి కళ్ళు కనబడక ఆపుతున్నారనుకున్నాడు కాబోలు.

6 ఆగస్టు

అప్పలసూరి ముందద్దం దగ్గర పాలసీసా పెట్టాడు. ఖాళీ సీసా. ధర స్టిక్కరు కూడా పీకలేదు. పిల్లలున్న బండి అని రుజువన్నమాట. కూర్మయ్య ఆ సీసా నాకు వేలు పెట్టి చూపించి, సూడండమ్మా, ఉన్నారు గదా అన్నాడు.

13 ఆగస్టు, ఆదివారం

ఇవాళ ఊరుకోలేదు. బాబీని చంకనెత్తుకుని ఇన్నోవా ముందు నిలబడ్డాను. పదిమంది పోగయ్యారు. ఎవరిది తప్పని ఎవరూ అడగలేదు. ఆడమనిషికి ఇంత నోరేటి అన్నది ఒకరి తీర్పు. ఫోన్ చేస్తే సరుకులు ఇంటికే తెస్తారు కదా అన్నది ఇంకొకరి తెలివి.

అప్పలసూరి తాపీగా దిగాడు. పిల్లడికి బాగోపోతే ఇంటికాడ ఉంచాల గానీ బజారంట తిప్పుతారేటమ్మా, జనం కళ్ళు మంచివి కావు, దిష్టి కొట్టేస్తాది అన్నాడు. పైగా జాలిగా అన్నాడు. నా కొడుకుని దాచుకోమని చెప్పడానికి వీడెవడు?

కారెక్కేదాకా ఏడుపు ఆపుకున్నాను. తర్వాత ఆపుకోలేదు.

21 ఆగస్టు, సోమవారం. అమావాస్య

చీపురుపల్లి నుంచి అత్తయ్య వచ్చింది. బాబీకి దిష్టి తీయడానికి. కీలు గూడు తప్పింది కడుపులో ఉండగానే అని ఎక్స్‌రే చూపించి ఎన్నిసార్లు చెప్పినా, మా అత్తయ్య జగ్గమ్మ గారి లెక్కలో అది ఎదురింటివాళ్ళ కళ్ళ వల్లే. నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. ఇంట్లో నా చదువుకి ఇంతే విలువ.

అన్నం మూడు ముద్దలు చేసింది. ఒకదానికి కుంకుమ, ఒకదానికి పసుపు, ఒకదానికి బొగ్గుపొడి. నిమ్మకాయ, ఎండుమిరపకాయలు, కల్లుప్పు, చెంబుతో ఎర్రనీళ్ళు. బాబీ చుట్టూ మూడుసార్లు తిప్పింది. వాడికి భలే సరదాగా ఉంది, ముద్ద కోసం చెయ్యి చాపాడు. అన్నీ విస్తట్లో పెట్టి నా చేతికిచ్చింది. అరుణా, మూడు దారుల కాడ పారబోసి రా, ఎనక్కి సూడకు అంది. వాదించే ఓపిక లేక తీసుకున్నాను.

మూడు దారుల దాకా వెళ్ళలేదు.

అమావాస్యని సూపర్‌మార్కెట్ పెందరాళే కట్టేశారు. దీపాల వేళ, మనుషులు లేరు. మూడు పసుపు గడులు ఖాళీగా కనిపించాయి. అప్పలసూరికి దిష్టంటే భయం కదా, చూద్దాం అనుకున్నాను. గడికొక ముద్ద పెట్టాను. నిమ్మకాయ మధ్య గడిలో. ఎర్రనీళ్ళు మూడింటి మీదా చల్లాను.

వెనక్కి చూడకూడదట. చూశాను. చక్కగా కుదిరింది.

22 ఆగస్టు

కాలేజీ నుంచి వస్తూ ఎదురుగా మందుల షాపులో నిలబడి తనివితీరా చూశాను.

ఇన్నోవా ఊపుగా వచ్చింది. గడి అంచు దగ్గర బ్రేకు పడింది. అప్పలసూరి తల బయటపెట్టి చూసి, నోట్లో పుల్ల తీసేశాడు. బండి వచ్చిన దారినే వెనక్కి పోయింది. తర్వాత నీలవేణి గారు వచ్చింది. చెంపలేసుకుని కూతురి చెయ్యి పట్టుకుని రోడ్డుకి అవతల ఆపించింది. ఊడ్చే మనిషి చీపురు కింద పెట్టి దణ్ణం పెట్టిందట. కూర్మయ్య ఊడవడు, అతనికి మనవలున్నారు. ఎంబీఏ గారు గుమ్మంలోంచి కదల్లేదు. పక్కవీధి కిరాణా వాళ్ళే చేయించారని అతని అనుమానం.

అంత పెద్ద బోర్డు చెయ్యలేని పని పిడికెడు అన్నం చేసింది. ఈ మనుషులకి ఇదే భాష.

27 ఆగస్టు, ఆదివారం

మధ్య గడిలో ఆపాను. తలుపు బార్లా తెరిచాను. బాబీని రెండు చేతులతో నిదానంగా, రాజుగారిని దింపినట్టు దింపాను. ఎండిపోయిన నిమ్మకాయని చెప్పుతో పక్కకి తన్నాను. కూర్మయ్య నోరు తెరుచుకుని చూశాడు.

జూన్ తర్వాత ఇంత హాయిగా ఎప్పుడూ లేను.

3 సెప్టెంబరు, ఆదివారం

వానలకి ముద్దలూ నీళ్ళూ అన్నీ కొట్టుకుపోయాయి. అయినా పిట్ట కూడా వాలడం లేదు. మూడు గడులూ నావే.

నీలవేణి గారు రోడ్డవతల నుంచి పిలిచి, పసిబిడ్డతో ఆడ ఆపొద్దమ్మా, అక్కడ ఏటో ఉన్నాది అంది. ఏముందండీ, సిమెంటూ రంగూ ఉన్నాయి అన్నాను. ఆవిడ నన్ను జాలిగా చూసింది. నేనూ అలాగే చూశాను.

10 సెప్టెంబరు, ఆదివారం

స్కూటీ మీద ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. నెలల బిడ్డని చున్నీతో గుండెకి కట్టుకుంది. రోడ్డు మీద లారీల మధ్య ఆపుతోంది. ఇక్కడ ఖాళీ ఉంది, మీకోసమే, రండి అని పిలిచాను. గడుల వైపు చూసింది. బిడ్డ తల మీదకి చున్నీ లాగి, వద్దు మేడమ్ అని తలూపింది. ఎర్రటి ఎండలో బిడ్డతో, సంచితో నడిచి వచ్చింది.

తెలివితక్కువ పిల్ల. కూరలు ఏరుతున్నంతసేపూ దాని మీద కోపంగానే ఉంది. వెన్న, పాలపొడి కొనడం మరిచిపోయాను.

దొంగల్ని తరిమాననుకున్నాను. గడులు ఎవరి కోసం గీశారో వాళ్ళు కూడా పోయారు. దానికి నేనేం చేస్తాను? భయపడమని నేను చెప్పలేదు.

17 సెప్టెంబరు

బాబీకి జ్వరం. ఊరంతా ఉంది, వైరల్. కట్టు లోపల చెమట, దురద, రాత్రంతా గోకమని ఏడుపు. సరుకులకి వెళ్ళలేదు.

20 సెప్టెంబరు, బుధవారం. అమావాస్య

అత్తయ్య వచ్చింది. జ్వరం తగ్గలేదు. మళ్ళీ ముద్దలు, మళ్ళీ నిమ్మకాయ. ఈసారి తనే పట్టుకెళ్ళి పారబోసి వచ్చింది.

కాళ్ళు కడుక్కుంటూ, పోయినమాటు ఎక్కడ ఏసినావు అని అడిగింది. మూడు దారుల దగ్గరే అన్నాను. మంచిది అంది. మూడు దారులైతే మళ్ళీ ఇంటికి ఏ దారంట రావాలో దానికి తెలవదట. ఎవుళ్ళకి తీసినామో ఆళ్ళని మటుకు ఆ సోటు తొక్కనీకూడదు, తొక్కితే ఎంటనే ఎక్కేస్తాది, ఇంకోళ్ళకైతే అంత పట్టదు అంది. తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళింది.

మూఢనమ్మకం. దానికి రూల్స్ కూడా.

బాబీ ఆ గడిలో కాలు పెట్టలేదు. కాళ్ళు కట్టులో ఉన్నాయి. నేను ఎత్తుకునే ఉన్నాను. మూడు ఆదివారాలూ ఎత్తుకునే ఉన్నాను.

ఇది ఎందుకు రాస్తున్నానో తెలియదు.

25 సెప్టెంబరు, సోమవారం

కుదురుకోలేదు.

డాక్టరు ఫిల్మ్‌ని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు. కొంత వచ్చింది, పూర్తిగా రాలేదు అన్నాడు. కట్టు మార్చి ఇంకో ఆరు వారాలు చూస్తాడట. అప్పటికీ రాకపోతే విశాఖలో ఆపరేషనే. ఎందుకు రాలేదని అడిగాను. కొందరికి ఆలస్యమవుతుందమ్మా, కారణమంటూ ఉండదు అన్నాడు. జూలైలో తగిలిన దెబ్బ వల్లనా అంటే, కాదన్నాడు. జ్వరం వల్లనా అంటే, కాదన్నాడు. ఇంకో కారణం కూడా అడగబోయి ఆపాను. చదువుకున్న మనిషి ముందు పరువు పోతుంది.

తిరిగి వస్తుంటే యుగంధర్ నా చెయ్యి పట్టుకుని, నీ తప్పేం లేదు అన్నాడు. నా తప్పని నేను అనలేదు. గట్టిగా అరిచాను కాబోలు, బాబీ నిద్రలేచాడు.

28 సెప్టెంబరు

తప్పు అప్పలసూరిది. ఆయన ఇన్నోవాది, పాలసీసాది. కూర్మయ్య విజిల్‌ది. మోహనకృష్ణ టైది. వీళ్ళు బుద్ధిగా ఉంటే నేను ఆ విస్తరిని తీసుకెళ్ళి మూడు దారుల దగ్గరే పారేసేదాన్ని.

పారేసేదాన్ని అని రాశాను. అంటే ఏమిటి? అక్కడ పారేసినా ఇక్కడ పారేసినా అన్నం అన్నమే.

1 అక్టోబరు, ఆదివారం

మూడు గడులూ ఖాళీ. ఎవరో కడిగి కొత్తగా పసుపు రంగు కూడా వేశారు.

రోడ్డు మీద లారీ వెనక ఆపాను. తలుపు జానెడు తెరుచుకుంది. కూర్మయ్య మొదటిసారి విజిల్ ఊదాడు, నాకోసమే, ఇటు రండమ్మా అని మధ్య గడి చూపించాడు. వినబడనట్టు బాబీని ఏటవాలుగా తిప్పి, కట్టుకి నా చెయ్యి అడ్డం పెట్టి తీశాను. తలుపు అంచు నా చేతికి తగిలింది.