అరిష్ చెవుల్లో ఉన్ని

బుల్ నెల, మూడో రోజు

ఇవాళ మావటివాళ్లందరికీ ఉలి, సుత్తి పంచారు. కార్తేజి సైన్యంలో మేం ఎనభై మందిమి. ఏనుగు బెదిరి మనవాళ్ల మీదికే తిరిగితే, తలా మెడా కలిసేచోట ఉలి ఆనించి ఒక్క దెబ్బ కొట్టాలట. ఆ చోటు ఎక్కడుంటుందో మత్తన్ మావ నా మెడ మీదే వేలుపెట్టి చూపించాడు. ఇరవై ఏళ్లుగా మావటి ఆయన. నాకు ఒళ్లు మండింది. నా అరిష్‌కి ఆ గతి పట్టదన్నాను. అందరూ అలాగే అంటార్రా అల్లుడూ అని నవ్వాడు.

అయిదో రోజు

అరిష్‌ని అడవిలోంచి పట్టుకొచ్చి ఏడాది కాలేదు. పేరు పెట్టింది నేనే. బార్లీ ముద్ద నా చేత్తో పెడితేనే తింటాడు. ఎంత బెదిరినా పేరు పెట్టి పిలిస్తే చాలు, ఆగిపోతాడు. యుద్ధం మాత్రం ఎప్పుడూ చూడలేదు. నేనూ చూడలేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ఎనిమిదో రోజు

రోమన్లు గుట్ట అవతల దిగారు. పొద్దున వాళ్ల బూరలు మోగాయి. అరిష్ గొలుసు తెంచుకుని మన గుడారాల మీద పడ్డాడు. పిలిచాను. ఆగాడు. ఒళ్లంతా వణుకు, పాపం. నీ ఏనుగు రోమన్లకి అమ్ముడుపోయిందేమో కనుక్కోరా అన్నాడొక రౌతు. దళపతి వచ్చి, నా నడుముకున్న ఉలి వంక చూసి వెళ్లిపోయాడు.

అదే రోజు, మధ్యాహ్నం

బూరలు వినపడకపోతే బెదరడు కదా!

తొమ్మిదో రోజు

గొర్రె ఉన్నికి మైనం పట్టించి రెండు చెవుల్లోనూ కూరాను. పక్కనే డోలు కొట్టించాను. తల కూడా తిప్పలేదు నా బంగారం. మత్తన్ మావ చూసి, మరి నీ గొంతు దానికెలా వినపడుతుందిరా అన్నాడు. కాళ్లతో అదిమి నడుపుతాలే అన్నాను. ఓర్వలేక అంటున్నాడనుకున్నాను.

పదో రోజు, తెల్లవారాక

రెచ్చిపోయి మీద పడాలని ఏనుగులకి ద్రాక్షసారా పోశారు. అరిష్ ముట్టలేదు. మేం ముందు వరసలో ఉన్నాం.

పదకొండో రోజు

ఓడిపోయాం. పట్టుబడ్డాం. కుండపెంకు మీద రాస్తున్నాను.

బూరలు మోగగానే మిగతా ఏనుగులు చెల్లాచెదరయ్యాయి. అరిష్ ఒక్కడే ముందుకు నడిచాడు. ఎంత గర్వమేసిందో. అంతలో కంట్లో ఈటె దిగింది. గిర్రున వెనక్కి తిరిగాడు. వెనక ఉన్నది మనవాళ్లే. మడమలతో పొడిచాను. అంకుశం గుచ్చాను. గొంతు చించుకుని పేరు పెట్టి పిలిచాను, పిలుస్తూనే ఉన్నాను. ముగ్గురు కాళ్ల కింద పడ్డారు. నాలుగోవాడు కింద పడి, చేతులు అడ్డం పెట్టుకుని నా వంకే చూస్తున్నాడు.

ఉలి తీశాను. ఒక్క దెబ్బ సరిపోలేదు.

పన్నెండో రోజు

రోమన్లు మాచేత శవాలు ఏరిస్తున్నారు. అరిష్ కనిపించాడు. చెవుల్లోంచి ఉన్ని తీశాను. పేరు పెట్టి పిలిచాను.