దసరా నాడు హెల్మెట్‌కు సెలవు

పోచంపల్లి,
9 నవంబర్ 2024.

గౌరవనీయులైన మోరితా అన్నగారికి,

పోచంపల్లి నుంచి మీ తమ్ముడి లాంటి ఐలేశం చేతులు జోడించి రాస్తున్న జాబు. ఇక్కడ ముగ్గురు మనుషులం, రెండు మగ్గాలు క్షేమం. జపాన్‌లో మీరు, వదినగారు, మీ మగ్గాలు కూడా క్షేమమని తలుస్తాను.

మూడు రోజులు ముసురు పట్టి నిన్న మధ్యాహ్నానికి ఎండ కాసింది. మగ్గం గుంటలోకి ఊట నీళ్ళు వస్తే పొద్దున చెంబుతో తోడి, ఇసుక చల్లి పనికి కూర్చున్నాను. రంగు వేసిన నూలు ఆరక ఇంట్లోనే వేలాడుతోంది. దాని కింద వంగి నడిచి నడిచి అందరికీ నడుములు పట్టాయి. నా భార్య అరుణమ్మ కండెలు చుట్టింది. మీ అమ్మాయి అయాకో ఈ రోజు మూరెడు నేసింది. చలి మొదలైంది కాబట్టి నేను తలకు రుమాలు చుట్టుకుంటున్నాను.

మీ జాబు సోమవారం అందింది. మా చేనేత సొసైటీలో పనిచేసే శ్రీవాణి తెలుగులో చదివి వినిపించింది. మొన్న ఫోన్‌లో అయాకోతో మాట్లాడేటప్పుడు మీరిచ్చిన తెల్ల హెల్మెట్ గోడకు కనిపించలేదని, అక్కడ ఎర్రది వేలాడుతోందని రాశారు. ఫోన్‌లో నవ్వి తల ఊపితే సరిపోతుంది, జాబులో అబద్ధం రాయాలంటే చేయి ఆగుతుంది కాబట్టి జాబే రాయమన్నారు. అయాకో రోజూ హెల్మెట్ పెట్టుకుంటోందా, గడ్డం కింద పట్టీ బిగిస్తోందా, నేతగాడు నేతగాడికి చెప్పినట్టు చెప్పమన్నారు. పెట్టుకోవడం లేదని తెలిస్తే ఆమె నేస్తున్న చీర ఎంత మిగిలినా సరే, టికెట్ పంపి పిలిపించుకుంటానన్నారు. ఆ మాట దగ్గర శ్రీవాణి ఆగి నా ముఖం చూసింది. అయాకో మగ్గం మీది నుంచి తల ఎత్తలేదు.

మార్చిలో ఆమెను పని నేర్చుకోవడానికి మా ఇంట్లో దింపి పోయేటప్పుడు మీ బిడ్డ నా పూచీ అని చేయి కలిపింది నేనే. మరిచిపోలేదు. అందుకని జవాబు ముందే రాస్తున్నాను. పెట్టుకుంటోంది. పట్టీ బిగిస్తోంది. ఇక వివరంగా రాస్తాను.

మీరు పోయిన మర్నాడే ఆమె స్కూటర్ మీద పెరుగు తేవడానికి బయలుదేరింది. పెరుగు అమ్మే ఇల్లు మాకు ఆరో ఇల్లు. అయినా ఆ తెల్ల హెల్మెట్ పెట్టుకుని, పట్టీ బిగించి, అద్దం దించి, అటూ ఇటూ చూసి బండి తీసింది. వాకిళ్ళు ఊడ్చేవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని నిలబడిపోయారు. టీ కొట్టు బీరన్న రోడ్డు మీదికే వచ్చాడు.

“ఏంది చెల్లె, చందమామ మీదికి పోతున్నవా? పోతే నాకో సీటు ఉంచు” అన్నాడు.

అప్పటికి ఆమెకు తెలుగు రాదు. అక్కడే ఉన్న శ్రీవాణి ఇంగ్లీషులో చెబితే విని, బండి ఆపి, దిగి, నడుము వంచి బీరన్నకు నమస్కారం పెట్టి, పెరుగు కోసమే పోతున్నానని చెప్పించింది. ఆ రోజంతా బీరన్న ఎవరినీ ఎగతాళి చేయలేదు.

రెండు నెలలకు తెలుగు పట్టుబడింది. నన్ను వెనక కూర్చోబెట్టుకుని రంగుల కోసం భువనగిరి తీసుకుపోయింది. దారి పొడుగునా అందరి హెల్మెట్లూ మోచేతులకు ఉన్నాయి. మా జిల్లాలో అన్నిటికంటే భద్రంగా ఉండేవి మోచేతులే అన్నగారూ. ఎందుకలా అని ఆమె అడిగింది. నేను ఉన్నమాట చెప్పాను.

“చౌరస్తాల పోలీసోళ్ళు కనవడంగనే తలకు పెట్టుకుంటరు బిడ్డా. దాటినంక మళ్ల మోచేతికే.”

ఆమె బండి నెమ్మది చేసింది.

“బాపూ, కింద పడేటప్పుడు గూడ పోలీసోళ్ళు ఉంటరా?” అని అడిగింది.

చౌరస్తా దాటాక పల్లీలు కొనిచ్చాను.

ఇక్కడ ఒక సంగతి రాయాలి. మే నెలలో మా దగ్గర బండరాళ్ళు కూడా సెగలు కక్కుతాయి. అరుణమ్మ ఆమెకు జడ వేసి మల్లెపూలు పెట్టడం మొదలుపెట్టింది. హెల్మెట్ తీసేసరికి పూలు ముద్దయ్యేవి.

“గా గిన్నె పెట్టుకుంటే పూలన్ని పచ్చడైతానయ్. ఊర్ల తిరగనీకి గదెందుకు బిడ్డా? ఎవలు గుద్దుతరు నిన్ను, బర్రెలా?” అని అరుణమ్మ అనేది. రోజూ అనేది. దానితో కొద్ది రోజులు ఊరి లోపల మాత్రం అయాకో కూడా హెల్మెట్‌ను మోచేతికి వేసుకుని తిరిగింది. ఊరు దాటితే తలకు పెట్టుకునేది. ఇంట్లో ఖాళీగా ఉన్న గిన్నెను ఆడవాళ్ళు ఖాళీగా ఉంచరు. అరుణమ్మ అందులో కండెలు వేసింది. ఒకరోజు అయాకో భువనగిరి బ్యాంకు ముందు హెల్మెట్ తీస్తే తల మీది నుంచి ఎర్ర నూలు కండె జారి మెట్ల మీద దొర్లింది. అది పట్టుకోవడానికి వాచ్‌మన్ వీధి చివరిదాకా ఉరికాడు.

ఇక దసరా. మీ దేశంలో ఉందో లేదో, మాకు ఆ రోజు పనిముట్లకు పూజ. మగ్గం కడిగి, పోగును అటూ ఇటూ పరుగెత్తించే నాడె, కత్తెర తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, పూలు వేస్తాం. ఆ రోజంతా వాటిని ముట్టం. ఏడాదంతా మనకు పనిచేసిన వాటికి ఒక్క రోజు సెలవు. బండికి కూడా పూజ చేస్తాం. కానీ బండి సంగతి వేరు. చక్రం కింద నిమ్మకాయ పెట్టి, తొక్కించి, ఆ రోజు తప్పకుండా నడపాలి.

ఈసారి అరుణమ్మ అయాకో హెల్మెట్‌ను కూడా కడిగి, నుదురు ఉండే చోట ఇంత బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి నాడె పక్కన పెట్టింది. పూజ అయింది. జమ్మి ఆకు తీసుకుని మా అక్క నర్సింగమ్మకు ఇచ్చి దండం పెట్టి రావాలి. ఆమె ఊరు ఆరు కిలోమీటర్లు. అయాకో కూడా వస్తానంది. హెల్మెట్ తీసుకోబోతే అరుణమ్మ చేయి అడ్డం పెట్టింది.

“ముట్టకు బిడ్డా. దానికి ఇయ్యాల సెలవు.”

“అమ్మా, బండికి సెలవు లేదు గదా?” అంది అయాకో.

“బండి తిరగాలె. గది బండి గాదు, గిన్నె. నాడె పక్కన కూసుంది. నాడెకు సెలవైతే దానికి గూడ సెలవే.”

హెల్మెట్ మగ్గం వైపుదా, బండి వైపుదా అని పావుగంట వాదన జరిగింది. చివరికి ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఇంటి పెద్దగా తీర్పు చెప్పాను. నాడె పక్కన కూర్చుంది కాబట్టి ఈ ఒక్క రోజు సెలవు అన్నాను.

మా అక్క దగ్గరికి బయలుదేరాం. పండుగ జరిగింది. ఆ రోజే మీ తెల్ల హెల్మెట్ అటక మీది నుంచి కింద పడి పగిలింది. అందుకే ఎర్రది కొన్నాం. ఇంతకంటే ఏమీ లేదు. చీర ఇంకా మూడు గజాలు ఉంది. రంగు అంటకుండా నూలుకు కట్లు కట్టింది, రంగు వేసింది, నేసేది అంతా ఆమె చేతితోనే. దయచేసి మధ్యలో పిలవకండి. మధ్యలో విడిచిన మగ్గం మీద ఇంకొకరి చేయి కుదరదని మీకు నేను చెప్పక్కరలేదు.

వదినగారికి అరుణమ్మ నమస్కారాలు చెప్పమంది.

ఇట్లు
మీ మేలు కోరే
ఐలేశం

తాజా కలం. ఆదివారం, 10వ తేదీ.

ఈ జాబును నిన్న సాయంత్రం ఇంగ్లీషులో పెట్టమని శ్రీవాణికి ఇచ్చాను. ఆమె రెండుసార్లు చదివి నా చేతికే తిరిగి ఇచ్చింది.

“పెద్దనాయినా, ఇంగ్లీషుల రాసినా గిది అబద్ధమే అయితది” అంది.

కాబట్టి నిజం రాస్తున్నాను. హెల్మెట్ అటక మీది నుంచి పడలేదు. అది పడ్డప్పుడు అందులో మీ బిడ్డ తల ఉంది.

నేను తీర్పు చెప్పాక అయాకో లేచింది. పూజ పెట్టిన చోటికి పోయి, హెల్మెట్ రెండు చేతులతో తీసి, కళ్ళకు అద్దుకుని, నేను మనుషులతో కూడా అంత మర్యాదగా మాట్లాడను, దానితో మీ భాషలో కాసేపు మాట్లాడింది. సెలవు నాడు పనికి పిలిచినందుకు క్షమించమని అడిగిందట. తరువాత దండ తీసి తలకు పెట్టుకుంది. “మా నాయినకు మాటిచ్చిన బాపూ” అంది. అరుణమ్మ ముఖం తిప్పుకుంది.

బండి ఆమే నడుపుతానంది. పండుగ పూట ఆడపిల్ల వెనక కూర్చుని అక్క వాకిట్లో దిగితే బావ ఏడాదంతా ఏడిపిస్తాడని నేనే తాళం తీసుకున్నాను. అట్లయితే నడిపేవాళ్ళకే కావాలని ఆమె హెల్మెట్ విప్పి నా ముందు పెట్టింది. నడిపేది నేను, ఈ దారంతా ఎరిగినవాడిని. నాకెందుకని తోసేశాను. ఆమె మళ్ళీ పెట్టుకుంది. పట్టీ బిగించిన చప్పుడు నా వెనక వినిపించింది.

నాలుగు కిలోమీటర్లు బాగానే పోయాం. మలుపు దగ్గర సైదులు అనే రైతు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పేర్చాడు. ఎదురుగా ట్రాక్టర్ వచ్చింది. నేను బండి పక్కకు తిప్పాను. ముందు చక్రం రాయి ఎక్కింది. వడ్ల మీద బండి సబ్బు మీద జారినట్టు జారింది. కల్వర్టు దిమ్మె దగ్గర కొబ్బరికాయ కొట్టిన చప్పుడు అయింది. అది హెల్మెట్. రెండో చప్పుడు నేను వినలేదు, అది నాది.

కళ్ళు తెరిచేసరికి అయాకో నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తన దుపట్టా నా తలకు అదిమి పట్టుకుని ఉంది. సైదులు “నా వడ్లు! నా వడ్లు!” అని అరుచుకుంటూ వచ్చాడు. నెత్తురు చూసి ఆగాడు. ఆమె హెల్మెట్ తీసి చూపించింది. ఎడమ చెవి దగ్గర నుంచి వెనకదాకా పగిలింది. బొట్టు మాత్రం చెక్కుచెదరలేదు. సైదులు దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

“పిల్ల తలకు టోపి ఉన్నది. నీ తలకేమున్నది పెద్దమనిషీ, జమ్మి ఆకా?” అన్నాడు.

నిజంగానే ఆకు ఇంకా నా పిడికిట్లో ఉంది. అతనే ఆ ఎదురుగా వచ్చిన ట్రాక్టర్ మీద మమ్మల్ని భువనగిరి దవాఖానకు తీసుకుపోయాడు. మా అక్క ఇంటికి ఆ రోజు పోనేలేదు. ఆమే మరునాడు వచ్చి నన్ను తిట్టి పోయింది. నాకు తొమ్మిది కుట్లు పడ్డాయి. రుమాలు చలికి కాదు. అయాకోకు మోచేయి గీసుకుంది, తలకు ఏమీ కాలేదు. దవాఖానలో స్కానింగ్ తీసి చూసి చెప్పారు. నా తీర్పు ఆమె విని ఉంటే నేను మీకు ఈ జాబు కాదు, వేరే జాబు రాసేవాడిని.

మీకు చెబుదామంటే చీర మగ్గం మీది నుంచి దించినాక చెబుదాం బాపూ అని ఆమె బతిమాలింది. నేను సరేనన్నాను. ఆ తప్పు కూడా నాదే. ఇంకొకటి. ఊళ్ళో కొద్ది రోజులు హెల్మెట్ పెట్టుకోలేదని రాశాను. కొద్ది రోజులు కాదు, నాలుగు నెలలు. మాన్పించింది మా ఇల్లే. దసరాకు పది రోజుల ముందు ఆమె తనంతట తానే మళ్ళీ మొదలుపెట్టింది.

కుట్లు విప్పించుకున్న రోజే ఎర్రవి మూడు కొన్నాం. కట్టు వదులైతే రంగు లోపలికి పోతుంది, పట్టీ కూడా అంతేనని మీరు రాసిన మాట శ్రీవాణి చదివినప్పుడు అరుణమ్మ పని ఆపి వింది. ముప్పై ఏళ్ళుగా నూలుకు కట్లు కట్టే మనిషి. అప్పటి నుంచి అయాకో బండి తీసే ముందు అరుణమ్మే ఆ పిల్ల గడ్డం కింద వేలు పెట్టి, కట్టు చూసినట్టు చూస్తోంది. వేలు దూరితే కదలనివ్వదు. తనదీ అట్లాగే బిగించుకుంటోంది. పూలు లోపల నలుగుతాయని హెల్మెట్ మీదే దారంతో కట్టుకుంటోంది. నిన్న బీరన్న చూసి, “నా సీటు వదినెకిచ్చినవా చెల్లె?” అని అడిగాడు.

పగిలిన తెల్లదాన్ని పారేయలేదు. నాడె పక్కనే ఉంది. దానికి ఇప్పుడు రోజూ సెలవే.

పిలిపించుకోవడమా, చీర అయ్యేదాకా ఉంచడమా మీరే చెప్పండి. ఈసారి తీర్పు నేను చెప్పను.

అయాకో, అరుణమ్మ రంగులకు భువనగిరి పోయారు. పొద్దున ఎనిమిది ఇరవైకి బయలుదేరారు. ఇద్దరి తలలకూ ఉన్నాయి. పట్టీలు నేనే చూశాను.