బయటి గొళ్లెం

ఫిబ్రవరి 3, మంగళవారం

తమ్ముడు అమ్మను దింపి వెళ్లాడు. కారు ఇంజను కూడా ఆపలేదు. "నెల రోజులే అక్కా. వేటపాలెంలో జీడిపప్పు పని ముమ్మరంగా ఉంది. ఇంట్లో చూసేవాళ్లు లేరు…" ఒక బట్టల సంచి, మందుల కవరు, అమ్మ. ఇరవై రెండేళ్ల తర్వాత మళ్లీ ఇద్దరం ఒకే ఇంట్లో.

నన్ను ఎగాదిగా చూసి, "ఎవరమ్మాయివమ్మా నువ్వు?" అంది. నవ్వొచ్చింది. చిన్నప్పుడు నాకూ ఇదే అనుమానం.

ఫిబ్రవరి 4

డాక్టరు చీటీలో జబ్బు పేరు బారెడుంది. తమ్ముడు ఫోనులో తేలిగ్గా చెప్పేశాడు — మతిమరుపు. కొత్తవి పోతాయట, పాతవి ఉంటాయట.

ఏ పాతవి?

ఫిబ్రవరి 6

హాసినిని బడి నుంచి నాకంటే అరగంట ముందే వదులుతారు. నేను వచ్చేసరికి రెండు జడలతో ఎదురొచ్చింది. "అమ్మమ్మ వేసిందమ్మా! అస్సలు నొప్పెట్టలేదు!"

ఏడేళ్ల కూతురి జడలు చూసి తల్లికి కుళ్లు పుట్టడం ఎక్కడైనా ఉందా? నాకు పుట్టింది. దాచుకోవడం దేనికి, ఇది చదివేదెవరు. నా తల అమ్మ ఒక్కనాడూ దువ్వలేదు. ఎదురింటి మస్తానమ్మ దువ్వేది, కిటికీ ఊచల్లోంచి. నేను లోపల ఊచలకు వీపు ఆనించి కూర్చునేదాన్ని. ఆవిడ వీధిలో నిలబడి చేతులు లోపలికి పెట్టేది. ఒక్కోసారి దువ్వెన లోపల పడేది. తీసి అందించేదాన్ని.

ఫిబ్రవరి 9, సోమవారం

మధ్యాహ్నం తరగతిలో ఉండగా ఫోను. టీకొట్టు సుబ్బారావు. "టీచర్‌గారూ, మీ అమ్మగారు క్వారీ రోడ్డు మీదకి వచ్చేశారండి. కాళ్లకి చెప్పులు కూడా లేవు. లారీలు ఎట్టా వస్తాయో తెలుసుగా…"

పరుగెత్తాను. చీమకుర్తి గ్రానైటు లారీలు — ఒక్కోదాని మీద ఒక్కటే రాయి, మా వంటగదంత. అమ్మ రోడ్డు దాటేసింది. అవతల కూలీల గదుల ముందు నిలబడి ఉంది. ఒడిశా నుంచి రాళ్ల పనికి వచ్చినవాళ్ల గదులు, వరసగా ఎనిమిది. పగలు మనిషి అలికిడి ఉండదు.

చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. "పిల్ల లోపలుందమ్మా," అంది. "పిల్ల లోపలుంది."

మళ్లీ పట్టుకుని ఇంటికి నడిపించుకొచ్చాను.

ఫిబ్రవరి 10

అన్నం తింటూ ఈయన అన్నారు — "ఆవిడ గదికి బయట గొళ్లెం పెట్టిద్దామా?" అనేశాక గాని తెలియలేదు, ఎవరితో అంటున్నారో. ఇక తల ఎత్తలేదు, పాపం.

ఈ ఇల్లు కట్టేటప్పుడు ఏ తలుపుకూ బయట గొళ్లెం వద్దన్నాను. వడ్రంగి ఆచారి బుగ్గలు నొక్కుకున్నాడు. "గొళ్లెం లేని తలుపేందమ్మా, చోద్యం!" వీధి తలుపుకు బయట తాళంచెవి, లోపల గడియ. మిగతావాటికి లోపలి గడియలు. అంతే.

ఫిబ్రవరి 11

ఎప్పుడూ రాయలేదు. రాస్తాను.

నాన్న పోయాక అమ్మ మిరప కోతలకు వెళ్లేది. పొద్దున్నే ట్రాక్టరు వచ్చి వీధి చివర ఆగేది. తమ్ముణ్ని చంకనేసుకునేది — చేలో చీర ఉయ్యాల కట్టేది వాడికి. నన్ను లోపల ఉంచి బయట గొళ్లెం. గిన్నెలో అన్నం, గిన్నె మీద పళ్లెం, ఎలుకలు తొయ్యకుండా దాని మీద నీళ్ల చెంబు. నాకు ఐదేళ్లు.

మా వీధిలో అదేం వింత కాదు. కోతల రోజుల్లో చాలా ఇళ్లకు గొళ్లేలే, లోపల పిల్లలే. కానీ మిగతా అమ్మలు సాయంత్రం గొళ్లెం తీస్తూ పేరు పెట్టి పిలిచేవాళ్లు. మా అమ్మ తీసి, నన్ను తప్పుకుని లోపలికి వెళ్లిపోయేది. దగ్గరికి వెళితే, "ముట్టుకోమాకే, చేతులు కారం." నమ్మాను. కోతలైపోయి వానలు పడ్డాక కూడా చేతులు కారమేనా అన్నది చాలా ఏళ్లకు గాని తట్టలేదు.

ఒకసారి రెండు రోజులు తియ్యలేదు. తమ్ముణ్ని తీసుకుని కోతల నుంచి అటే మామయ్యగారి ఊరు, పెళ్లికి. మస్తానమ్మ కూడా ఊళ్లో లేదు. చెంబులో నీళ్లు మొదటి రోజే అయిపోయాయి. అరిచానో లేదో గుర్తులేదు. తలుపు కింద సందులో వెలుగు చూస్తూ పడుకోవడం గుర్తుంది. వచ్చాక, "అయ్యో, మర్చేపోయానమ్మా!" అంది అమ్మ. నాతో కాదు, గుమిగూడిన వీధితో.

ఫిబ్రవరి 14

మళ్లీ వెళ్లింది. అవే గదులు. నేను తీసుకొస్తుంటే లారీ ఆమె ముందు జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు దిగి నా మీద ఇంతెత్తున లేచాడు. "ముసలామెని ఇంట్లో పెట్టుకోవడం చాతకాదా మీకు?"

చాతకాదు, నిజమే.

ఫిబ్రవరి 16, సోమవారం

ఆచారి వచ్చాడు. "అప్పుడేమో వద్దంటిరి…" ఒక గొళ్లెం, నాలుగు మరలు, పది నిమిషాల పని. వేసి తీసి, వేసి తీసి చూపించాడు. వంటగదిలోకి వెళ్లి కుళాయి తిప్పి నిలబడ్డాను, ఆ చప్పుడు వినపడకుండా.

ఫిబ్రవరి 17

మొదటి రోజు. అమ్మకు అన్నం పెట్టి, బయట గొళ్లెం వేసి బడికి వెళ్లాను. మధ్యాహ్నం వచ్చి తీశాను. మంచం మీద కూర్చుని ఉంది, అన్నం ముట్టుకోలేదు. గిన్నె చూసి ఆగిపోయాను.

గిన్నె మీద పళ్లెం. పళ్లెం మీద నీళ్ల చెంబు.

మా ఇంట్లో ఎలుకల్లేవు. నేనే పెట్టాను, పొద్దున. పెట్టినట్టు కూడా గుర్తులేదు.

ఫిబ్రవరి 19

ఇవాళ ఆలస్యమైంది అని రాయబోయాను. ఆలస్యం కాలేదు. భోజనాల గంట కొట్టారు. సంచి భుజాన వేసుకున్నాను. స్టాఫ్‌రూములో మళ్లీ కూర్చున్నాను. ఇరవై నిమిషాలు. పక్క టీచరు, "ఇంటికెళ్లలేదేం?" అంటే, "అయ్యో, మర్చిపోయాను," అన్నాను.

మర్చిపోలేదు. ఆ ఇరవై నిమిషాలూ నాకు హాయిగా ఉంది. రాసుకోకపోతే రేపు ఇది జరగలేదనుకుంటాను, అందుకే రాస్తున్నాను. నేనంటే నాకే భయం వేస్తోంది.

ఫిబ్రవరి 20

అడిగేశాను. గోళ్లు తీస్తున్నాను. చెయ్యి నా చేతిలోనే ఉంది. మెత్తగా ఉంది, కారం లేదు.

"అమ్మా, ఆ పెళ్లికి పోయినప్పుడు… పిల్లని లోపలుంచి రెండు రోజులు ఎందుకు రాలేదు?"

చాలాసేపు నా మొహంలోకి చూసింది. గుర్తుపట్టి చూసిందో, ఎవరో పరాయిదాన్నని చూసిందో. తర్వాత గొంతు తగ్గించి, ఇరుగమ్మతో గుట్టు చెప్పినట్టు —

"మర్చిపోయానని చెప్పాగా. అందరికీ అదేగా చెప్పింది."

"అంటే మర్చిపోలేదా?"

"మజ్జిగుందా అమ్మా?" అంది.

మజ్జిగ ఇచ్చాను. మిగతా వేళ్లకు గోళ్లు తియ్యలేదు.

ఫిబ్రవరి 22, ఆదివారం

వంట చేస్తున్నాను. చప్పుడు. ఇనుము మీద ఇనుము. ఈయన బజారుకు వెళ్లారు, ఇంట్లో నేను, హాసిని, అమ్మ. మరి వేసిందెవరు?

హాసిని గది ముందు నిలబడి ఉంది, మునివేళ్ల మీద. చెయ్యి ఇంకా గొళ్లెం మీదే. లోపల అమ్మ తలుపు గీకుతోంది.

"అమ్మమ్మ నా బొమ్మల పుస్తకం ఇవ్వట్లేదమ్మా. అందుకే వేశాను." తర్వాత నా మొహం చూసి, కొంచెం బెదిరి, "నువ్వు రోజూ వేస్తావుగా…"

కొట్టడానికి చెయ్యి లేచింది. మధ్యలో ఆగింది. దాని తప్పేముంది? ఆ చెయ్యి నాది. ఆ చెయ్యికి నేర్పిన చెయ్యి లోపల తలుపు గీకుతోంది. స్క్రూడ్రైవరు తెచ్చి నేనే ఊడదీశాను. రెండు మరలు వచ్చాయి, మూడోది తుప్పు పట్టకుండానే మొండికేసింది. గొళ్లెం పట్టి పీకితే మిగతా రెండూ చెక్కతో సహా వచ్చాయి. గొళ్లెం తీసుకెళ్లి వీధి చివర కాలవలో పారేశాను. హాసిని ఏడుస్తూ నా వెంటే వచ్చింది, నేను దాన్ని ఎత్తుకుని ఏడ్చాను.

తలుపుకు నాలుగు బెజ్జాలు మిగిలాయి.

ఫిబ్రవరి 23, సోమవారం

బడికి సెలవు పెట్టాను. నెలంతా. హెడ్‌మిస్ట్రెస్‌ మొహం ముడుచుకుంది. ముడుచుకోనీ. అమ్మ ఎక్కడికి పోతే అక్కడికి వెనకే పోతాను, అంతే.

ఫిబ్రవరి 24, మంగళవారం

పన్నెండింటికి బయల్దేరింది. చెప్పులు తొడిగాను, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాను. అవే గదులు. ఈసారి ఆపలేదు. వరసలో ఐదో తలుపు దగ్గరికి తిన్నగా వెళ్లింది. మిగతావాటికి తాళాలు. దీనికి తాళం లేదు, గొళ్లెం.

అమ్మ దాని మీద చెయ్యి వేసింది. పైకి లేపుతోందా, అదిమి చూస్తోందా… పక్కనే నిలబడి కూడా తేల్చుకోలేకపోయాను.

"పిల్ల లోపలుంది."

"ఎవరూ లేరమ్మా, పద," అన్నాను. అప్పుడు లోపల ఎవరో దగ్గారు.

నేనే తీశాను. నాలుగైదేళ్ల ఆడపిల్ల. తలుపు తెరుచుకుంటే బయటికి పరుగెత్తలేదు — మూలకు జరిగింది. నేనూ అంతే చేసేదాన్ని. గిన్నె, దాని మీద మూత, పక్కన సీసాలో అడుగంటిన నీళ్లు. నుదురు మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. చుట్టూ చెప్పడానికి నరమానవుడు లేడు, సుబ్బారావు కొట్టు కూడా మూసి ఉంది. వదిలేసి రావడానికి కాళ్లు రాలేదు. ఎత్తుకున్నాను. మా ఇంటి గుర్తులతో చీటీ రాసి గిన్నె కింద పెట్టాను.

పిల్లకు మందు తాగించాను. జ్వరం తగ్గింది. ఇప్పుడు హాల్లో అమ్మ ముందు కూర్చుని ఉంది, అమ్మ దాని తల దువ్వుతోంది. హాసిని రిబ్బన్లు తెచ్చి ఇస్తోంది.

ఐదున్నర. చీటీ తెలుగులో రాశానని ఇప్పుడు తట్టింది. టీచరు బుద్ధి! వాళ్లకు తెలుగు చదవడం ఎక్కడొస్తుంది? ఆ పిల్ల తల్లి పని నుంచి వస్తుంది, ఒళ్లంతా రాతి పొడితో. గొళ్లెం తీసి ఉంటుంది. గది ఖాళీగా ఉంటుంది. తెచ్చే ముందు ఇదెందుకు ఆలోచించలేదు? వెళ్లి గది ముందు నిలబడాలి. ఈయన రాగానే వెళతాను. పిల్లల్ని అమ్మ దగ్గర వదిలి ఎలా వెళ్లను?

ఆరు కావస్తోంది. వీధిలో కేకలు. ఆడగొంతు. భాష తెలియదు, కానీ పేరు పెట్టి పిలుస్తోంది — ఒకే పేరు, మళ్లీ మళ్లీ. సుబ్బారావు గొంతు కూడా — "ఇక్కడేనండి, ఆ ముసలామె ఈ ఇంట్లోనే…"

పిల్ల లేచింది. అమ్మ అంతకంటే ముందే లేచింది. వీధి తలుపు దగ్గరికి వెళ్లి లోపలి గడియ వేసింది. తలుపుకు వీపు ఆనించి నిలబడి, నా వైపు చూస్తూ వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"మర్చిపోయామని చెబుదాంలే," అంటోంది.